ఉసిరికాయ - బీడీ - బిడ్డ

అక్కలారా! వంకాయ కోసి పళ్లెంలో పెట్టండి. కాసేపటికి ముక్కలు నల్లబడతాయి. అందుకే మనం ఉప్పు నీళ్లలో వేస్తాం. ఒక ముక్కకు నిమ్మరసం రాసి చూడండి. అది అంత తొందరగా నల్లబడదు.

ఎందుకు? గాలిలో ప్రాణవాయువు ఉంది. దాన్నే ఆక్సిజన్ అంటారు. అది తగిలి వంకాయ నల్లబడుతుంది. తడి కొడవలికి తుప్పు పట్టేది దానివల్లే. పాత వేరుశెనగపప్పు ముక్కిపోయి చేదెక్కేదీ దానివల్లే. నిమ్మరసంలోని పులుపు, సి విటమిన్ ఆ పనిని అడ్డుకుంటాయి.

మన ఒంట్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. తిన్న అన్నం ప్రాణవాయువుతో కలిసి బలంగా మారుతుంది. పొయ్యి మండినట్టే అనుకోండి. పొయ్యి మండితే కూడు ఉడుకుతుంది. నిప్పురవ్వలు కూడా ఎగురుతాయి. ఒంట్లో పుట్టే ఈ రవ్వల్ని ఫ్రీ రాడికల్స్ అంటారు. నోరు తిరక్కపోతే రవ్వలు అనే అనుకుందాం. కొన్ని రవ్వలు ఒంటికి అవసరమే. ఎక్కువైతేనే పూరికప్పు అంటుకుంటుంది.

రవ్వల్ని ఆర్పే పదార్థాలు కొన్ని ఒంట్లోనే తయారవుతాయి. కొన్ని తిండి నుంచి వస్తాయి. వాటిని యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. సి విటమిన్, ఇ విటమిన్ అలాంటివే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా రాత్రి బడిలో ఒక అక్క అడిగింది. "టీచరమ్మా! పెళ్లయి ఆరేళ్లయింది. కడుపు పండలేదు. అందరూ నన్నే గొడ్రాలంటున్నారు. నేనేం తినాలి?"

"అక్కా! మీ ఆయన ఏం తింటున్నాడు, ఏం తాగుతున్నాడు? అది కూడా అడుగు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ అక్క నవ్వలేదు.

బిడ్డ పుట్టాలంటే ఆడమనిషి అండం, మగమనిషి వీర్యకణం కలవాలి. వీర్యకణం చాలా చిన్నది. దాని పైపొరలో మెత్తని కొవ్వు ఎక్కువ. పాత పప్పులో నూనె చెడినట్టే, రవ్వలు తగిలితే ఈ కొవ్వూ చెడుతుంది. అప్పుడు కణం సరిగా ఈదలేదు. లోపలి వారసత్వ పదార్థం కూడా దెబ్బతినవచ్చు. ఆ దెబ్బను బాగుచేసుకునే శక్తి దానికి తక్కువ.

ఆడపిల్ల పుట్టేటప్పుడే అండాలన్నీ ఒంట్లో ఉంటాయి. మన వయసెంతో వాటి వయసూ అంతే. ఏళ్లు గడిచేకొద్దీ వాటికీ రవ్వల దెబ్బ తగులుతుంది.

1922లో అమెరికాలో ఒక సంగతి బయటపడింది. హెర్బర్ట్ ఇవాన్స్ అనే ఆయన, కాథరిన్ బిషప్ అనే ఆవిడ ఎలుకల మీద పరిశోధన చేశారు. ఒక రకం తిండే పెట్టినప్పుడు ఎలుకలు బాగానే పెరిగాయి. చూలు కూడా నిలిచింది. కానీ పిల్లలు కడుపులోనే చనిపోయాయి. తిండిలో ఆకుకూర కలిపితే పిల్లలు బతికి పుట్టాయి. ఆ ఆకులో ఉన్నదే ఇ విటమిన్. తర్వాత దానికి టోకోఫెరాల్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆ పేరుకు బిడ్డను కనడం అనే అర్థం వస్తుంది. ఈ విటమిన్ కొవ్వు చెడకుండా కాస్తుంది.

మరి ఏం తినాలి? ఉసిరి, జామ, నిమ్మ, టమాటలో సి విటమిన్ ఉంటుంది. నారింజ కొనలేకపోతే దిగులొద్దు. జామకాయలో అంతకన్నా ఎక్కువే ఉంది. వేరుశెనగపప్పు, పొద్దుతిరుగుడు నూనె, తోటకూర, మునగాకులో ఇ విటమిన్ దొరుకుతుంది. ఆకుకూరను కడిగి కోయండి. కోసి కడిగితే సి విటమిన్ నీళ్లలో పోతుంది. మూతపెట్టి, తక్కువసేపు ఉడికించండి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిన చారు మనం తినడం కాదు. మన కంచంలోనూ కూర పడాలి.

కానీ ఒక మాట. ఉసిరికాయ తింటే కడుపు పండుతుందని నేను చెప్పను. గర్భనాళం మూసుకుపోతే ఏ కాయా తెరవలేదు. మాత్రల సంగతీ అంతే. 2020లో అమెరికాలో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. పిల్లలు లేని మగవాళ్లలో కొందరికి సి, ఇ విటమిన్ల వంటివి కలిపి మాత్రలిచ్చారు. మిగతావాళ్లకు ఉత్త మాత్రలిచ్చారు. వీర్యకణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి సంతానం మందని వేలకు వేలు అడిగేవాళ్లను నమ్మి పుస్తెలు తాకట్టు పెట్టకండి.

రవ్వల్ని ఎక్కువ చేసేదాన్ని ఆపడం మన చేతిలో ఉంది. బీడీ, చుట్ట, సిగరెట్టు పొగ రవ్వల కుప్ప. గుట్కా, సారా కూడా మంచివి కావు. ఆయన బీడీ తాగుతుంటే ఆ పొగ మనకూ తగులుతుంది.

ప్రపంచంలో ఆరుగురిలో సుమారు ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. పిల్లలు లేని జంటల్లో సుమారు సగం మందిలో మగవాళ్ల లోపం కూడా ఉంటుంది. ఏడాది కలిసి కాపురం చేసినా చూలు నిలవకపోతే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లాలి. ఆడమనిషి వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. మగవాళ్లకు చేసే వీర్య పరీక్ష సులువు. కోత లేదు, సూది లేదు. అది చేయించకుండా ఆడమనిషిని పది చోట్లకు తిప్పడం అన్యాయం.

కొత్త వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. సంక్రాంతికి బీడీ మానేస్తే, ఉగాది దాటిన కొన్నాళ్లకు వచ్చే కణాలు ఆ పొగ ఎరగనివి. ఈ లెక్క ఆ అక్క పలక మీద రాసుకుంది. పలక ఇంటికి తీసుకెళ్లింది.