నీటి బొట్టులో పది మంది కాపురం

నాలుగు చెంచాలకు కాస్త తక్కువ, అంటే 18 మిల్లీలీటర్ల నీళ్లు దోసిట్లోకి తీసుకోండి. అందులో ఉండే అణువులు ఇంచుమించు 6 పక్కన 23 సున్నాలు. ఒక్కో అణువులో ఎలక్ట్రాన్లు మాత్రం పదే. ఆక్సిజన్ తెచ్చుకున్నవి ఎనిమిది, హైడ్రోజన్లు చెరొకటి ఇచ్చినవి రెండు. బయటివాళ్లెవరూ కదిలించనప్పుడు, సాధ్యమైనంత తక్కువ శక్తితో ఆ పదీ సర్దుకుని ఉండే తీరుకే భూస్థితి అని పేరు. ఇది వినడానికి పాఠంలా ఉంటుంది గానీ, అందులో తమాషాలు చాలానే ఉన్నాయి.

నీటి అణువు తిన్నగా ఉండదు. ఆక్సిజన్ దగ్గర 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది. ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ తన వైపు గుంజుకోవడంతో అటు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం పోగుపడతాయి. ఈ పక్షపాతానికి కొలత ద్విధ్రువ భ్రామకం. ఆవిరిలో విడిగా తిరిగే నీటి అణువుకు అది 1.85 డిబై. కార్బన్ డయాక్సైడ్‌లోనూ ఆక్సిజన్లు గుంజుకుంటాయి. కానీ ఆ అణువు కర్రలా తిన్నగా ఉండటంతో అటూ ఇటూ లాగుడు సరికి సరి, భ్రామకం సున్నా. ఇక నీటికి వరసకు తమ్ముడు హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన గుడ్డు వాసన వేసేది. దాని వంపు 92 డిగ్రీలు, అది మరిగేది సున్నాకు 60 డిగ్రీల దిగువన.

ఇంట్లో మైక్రోవేవ్ ఉంటే ఈ పక్షపాతాన్ని కళ్లారా చూడొచ్చు. అందులో విద్యుత్ క్షేత్రం సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంది. దానికి తగ్గట్టు తిరగాలని నీటి అణువులు తంటాలు పడతాయి, ఆ తోపులాటలో అన్నం వేడెక్కుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన, పైన తడి లేని ఐసుముక్కను అదే పెట్టెలో పెడితే మాత్రం తొందరగా కరగదు. అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోయి ఉంటాయి మరి, తిరగడానికి చోటెక్కడిది?

బడి పుస్తకాల్లో ఆక్సిజన్ నెత్తిన కుందేలు చెవుల్లా రెండు ఒంటరి జంటలు గీస్తారు. రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. అణువులోంచి ఎలక్ట్రాన్లను ఒక్కో శక్తి అంతస్తు నుంచీ ఊడబీకి చూస్తే లెక్క వేరేలా వస్తుంది. పై అంతస్తు ఎలక్ట్రాన్‌ను లాగడానికి సుమారు 12.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, దాని కింది అంతస్తుకు 14.7 దాకా కావాలి. జంటలు నిజంగా కవలలైతే ఈ తేడా రాకూడదు. చెవుల బొమ్మ ఆకారం గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

అన్నట్టు, అయస్కాంతానికి నీళ్లంటే గిట్టదు. పది ఎలక్ట్రాన్లూ ఐదు జోడీలుగా కుదురుకోవడంతో నీరు అయస్కాంత క్షేత్రం నుంచి అతి స్వల్పంగా పక్కకు జరుగుతుంది. ఆ స్వల్పాన్నే ఆసరా చేసుకుని 1997లో నెదర్లాండ్స్‌లోని నైమెగన్‌లో ఆండ్రీ గైమ్ బృందం 16 టెస్లాల అయస్కాంతంలో బతికున్న కప్పను గాల్లో తేలించింది. కప్పలో ఎక్కువ భాగం నీరే కదా! ఆ పనికి 2000లో నవ్వులాట బహుమతి ఇగ్ నోబెల్ వచ్చింది. 2010లో గ్రాఫీన్ మీద పనికి గైమ్‌కు అసలు నోబెలే వచ్చింది.

ఆక్సిజన్ వాయువు సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. దాని భూస్థితిలో రెండు ఎలక్ట్రాన్లు జోడీ లేకుండా మిగిలిపోతాయి. అందుకే ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య పోస్తే కిందికి జారకుండా అక్కడే వేలాడుతుంది. అన్నీ జోడీలుగా ఉన్న కట్టెతోనో కాగితంతోనో ఈ జోడీ లేని ఆక్సిజన్ చప్పున కలవలేదు. అగ్గిపుల్ల గీసేదాకా మన చుట్టూ ఏదీ అంటుకోకపోవడానికి ఇదీ ఒక కారణం.

నీటికి రంగు లేదంటారు. కొన్ని మీటర్ల లోతున చూస్తే లేతనీలం. ఎలక్ట్రాన్లకు మాత్రం ఇందులో పాత్ర లేదు. వాటిని నిద్రలేపాలంటే దాదాపు 7 ఎలక్ట్రాన్ వోల్టుల అతినీలలోహిత కాంతి కావాలి, మామూలు వెలుతురుకు అంత సత్తా లేదు. ఎరుపును కొద్దికొద్దిగా మింగేది ఆక్సిజన్–హైడ్రోజన్ బంధాల ఊగులాట. భారజలంలో హైడ్రోజన్ బరువెక్కి ఊగులాట నెమ్మదిస్తుంది, నీలం కనిపించదు. సముద్రం నీలాన్ని చూసి 1921లో ఓడ ప్రయాణంలో ఆలోచనలో పడిన సి.వి. రామన్ చిన్నప్పుడు చదువుకున్నది విశాఖలో. ఆయన శిష్యుడు సూరి భగవంతం టి. వెంకటరాయుడితో కలిసి అణువుల ఊగులాటలకు గ్రూప్ థియరీ అనే గణితాన్ని అన్వయిస్తూ రాసిన పుస్తకాన్ని 1948లో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అచ్చువేసింది.

ఇప్పుడు నీటి అణువు భూస్థితిని లెక్కగట్టే సంగతి. పది ఎలక్ట్రాన్లు, ఒక్కోదానికి పొడుగు, వెడల్పు, ఎత్తు, మొత్తం 30 అంకెలు. ఒక్కో అంకెకు పది విలువలే తీసుకుని పట్టిక వేద్దామన్నా గడులు 1 పక్కన 30 సున్నాలు. సెకనుకు వంద కోట్ల గడులు నింపుతూ పోయినా విశ్వం వయసుకు రెండువేల రెట్లు పైగా పడుతుంది. 1964లో హోహెన్‌బర్గ్, వాల్టర్ కోన్ ఒక రుజువు చూపించారు. భూస్థితి వరకైతే ఇంత చాకిరీ అక్కర్లేదు, ఏ చోట ఎలక్ట్రాన్ సాంద్రత ఎంతో తెలిస్తే చాలు, తక్కినదంతా అందులోంచే రాబట్టవచ్చు. అప్పుడు పట్టికలో గడులు వెయ్యే! చిక్కేమిటంటే, అలా రాబట్టే సూత్రం ఉందని రుజువైంది గానీ దాని కచ్చితమైన పూర్తి రూపం ఇప్పటికీ ఎవరి చేతికీ చిక్కలేదు. ఉజ్జాయింపులతోనే నెట్టుకొస్తున్నారు.

కోన్‌తో 1998 నోబెల్ పంచుకున్నవాడు జాన్ పోపుల్. పేరు వింటే మన పోపులపెట్టె గుర్తొస్తుంది, అది పూర్తిగా తప్పేం కాదు. ఆయన బృందం 1970లో బయటపెట్టిన, అణువుల లెక్కలు కట్టే గాసియన్ ప్రోగ్రాంతో పాటు పరమాణువుకో రకం దినుసు చొప్పున గణిత ప్రమేయాలు ముందే సిద్ధం చేసి పెట్టారు. కావలసినవి తీసి వేసుకుని అణువును వండుకోవడమే.

వంట ఒక్కోసారి చెడుతుంది కూడా. కార్బన్ మోనాక్సైడ్‌లో గుంజుకునే గుణం ఆక్సిజన్‌ది, కాబట్టి రుణావేశం అటుండాలి. కొలిచి చూస్తే భ్రామకం 0.11 డిబై మాత్రమే, పైగా రుణ కొస కార్బన్ వైపు! ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకు తిరిగే తీరును సరిగా లెక్కలోకి తీసుకోని హార్ట్రీ–ఫాక్ పద్ధతి ఇక్కడ దిశనే తారుమారు చేస్తుంది.

చెడని వంట ఒకటి చెబుతాను. నీటి అణువులో ఆక్సిజన్ తీసి కార్బన్‌ను కూర్చోబెడితే మిథిలీన్, ఎక్కువసేపు నిలవని అణువు. దీని భూస్థితిలోనూ రెండు ఎలక్ట్రాన్లకు జోడీ లేదు. అది తిన్నగా ఉందా, వంగి ఉందా అన్నదే పేచీ. వర్ణపటం చూసి అణువు జాతకం చెప్పడంలో దిట్ట అయిన కెనడా శాస్త్రవేత్త గెర్హార్డ్ హెర్జ్‌బర్గ్ తిన్నగా ఉందన్నాడు. 1960లో ఫాస్టర్, బాయ్స్ కట్టిన లెక్క 129 డిగ్రీల వంపు చూపింది. 1970లో బెండర్, షేఫర్ లెక్క 135 అంది, కొత్త ప్రయోగాలూ వంపు వైపే మొగ్గాయి. హెర్జ్‌బర్గ్ తన పాత వర్ణపటాలను మళ్లీ ముందేసుకుని చూసి, వంపే నిజమని, అది 136 డిగ్రీలని 1971లో ప్రచురించాడు. అణువుల ఎలక్ట్రాన్ నిర్మాణం మీద చేసిన కృషికి ఆయనకు నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే.