బొటనవేలి కోసం ఆగే తుపాకీ

తెలుగువాళ్లకు సింగిల్ యాక్షన్ రివాల్వర్‌ను పరిచయం చేసింది సినిమా. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చినప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డ, బండి ఆత్మకూరు పల్లెల్లో వడ్లు పండించే రైతు కూడా నడుముకు తోలుపట్టీ, పట్టీలో పొడుగు గొట్టం రివాల్వర్ ఎలా ఉంటాయో చూశాడు. తెరమీద ఆ తుపాకీ మెరుపులా బయటికొస్తుంది, ఎడమ అరచేత్తో హ్యామర్‌ను కొడుతుంటే ఆగకుండా పేలుతుంది. నిజంగా ఆ పనిచేస్తే తూటా ఎక్కడికి పోతుందో తెలియదు, లోపలి చిన్న భాగాలు నాలుగు రోజుల్లో అరిగిపోతాయి. ఆ తుపాకీని ఏళ్ల తరబడి పట్టుకున్నవాళ్లు దాన్ని వాడే తీరు వేరు, దానికి మార్పులు చేయించుకునే తీరూ వేరు. ఆ మార్పుల్లో పనికొచ్చేవన్నీ తుపాకీని నమ్మకంగా, నిదానంగా, భద్రంగా నడిపించేవే. ఆ నేర్పు నిలబడాలంటే పరీక్షకు నిలిచిన లోహం, లైసెన్సున్న పనివాడు, గురి నేర్చుకునే మైదానం ఉండాలి. రాయలసీమలో తుపాకీ ఉంది, ఈ మూడింటి కరువు ఉంది. ఇక్కడ అది హోదాగానో భయంగానో తప్ప విద్యగా మిగలకపోవడానికి అదే కారణమని నేననుకుంటున్నాను.

ముందు యంత్రం సంగతి. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు పొందిన రివాల్వర్లో ట్రిగ్గర్‌కు ఉండే పని ఒక్కటే, ఎక్కి ఉన్న హ్యామర్‌ను వదలడం. హ్యామర్‌ను ఎక్కించాల్సింది బొటనవేలు. వేలు వెనక్కి లాగేకొద్దీ తూటాలుండే సిలిండర్ ఒక గది మేర తిరిగి, గొట్టానికి ఎదురుగా తాళం పడినట్టు నిలుస్తుంది. ఒక్కో తూటాకు ఒక్కోసారి ఈ పని చేయాల్సిందే. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ లాగితే చాలు, సిలిండర్ తిరగడం, హ్యామర్ ఎక్కడం, పడడం అన్నీ దానితోనే అయిపోతాయి. అందుకే ఆ ట్రిగ్గర్ బరువు, ఐదు కిలోల దాకా లాగాల్సి వస్తుంది. సింగిల్ యాక్షన్‌లో రెండు కిలోలకు అటూ ఇటూ సరిపోతుంది. వేలిమీద శ్రమ తగ్గితే గొట్టం కదలదు, గురి చెదరదు. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న .45 కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ ఈ తరహాలో పేరు మోసింది. 1892లో సైన్యం డబుల్ యాక్షన్‌కు మారినా, గురిని ప్రేమించేవాళ్లు పాతదాన్ని వదల్లేదు.

అలా వదలనివాళ్లు దానికి చేయించే మార్పుల్లో చాలావరకు బయటికి కనిపించవు. మొదట చూసేది స్ప్రింగులు. పాత కోల్ట్‌లో బద్ద స్ప్రింగులుంటాయి, వంగి వంగి ఒకనాడు విరుగుతాయి. వాటి బదులు తీగతో చుట్టినవి వేస్తారు. బిల్ రూగర్ కంపెనీ 1953లో సింగిల్ సిక్స్ తెచ్చినప్పుడే ఈ బాధ పసిగట్టి చుట్టు స్ప్రింగులతో మొదలుపెట్టింది. తర్వాత ట్రిగ్గర్ మొన, హ్యామర్ మీది గాడి కలిసేచోటు. అక్కడ గరుకు తీసి నునుపు చేస్తే ట్రిగ్గర్ గాజుపుల్ల విరిగినట్టు ఒక్కసారిగా వదులుతుంది. ఆ పని మరీ ఎక్కువ చేస్తే ఎక్కిన హ్యామర్‌ను బొటనవేలితో కాస్త ముందుకు నెడితే చాలు జారిపోతుంది, అంటే మనిషి ప్రమేయం లేకుండా పేలే వస్తువు తయారవుతుంది. మంచి పనివాడు కిలో పావు, కిలోన్నర దగ్గరే ఆగుతాడు. గురి దిద్దడం ఇంకో పని. వీటికి వెనక గురిపలక ఉండదు, పైపట్టీలో ఒక గాడి, గొట్టం కొసన ఒక పలక, అంతే. తూటా కిందికి పడుతుంటే ముందు పలకను ఆకురాయితో కొంచెం కొంచెంగా తగ్గించాలి, అప్పుడు తూటా పైకి లేస్తుంది. తయారీదారులు ఆ పలకను కావాలనే ఎత్తుగా వదులుతారు. ఆళ్లగడ్డ శిల్పి రాతిమీద ఉలి పెట్టినప్పటిలాంటి జాగ్రత్తే ఇక్కడా కావాలి, తీసిన లోహం మళ్లీ అతకదు. తూటా పక్కకు పోతుంటే గొట్టాన్నే వెంట్రుకవాసి తిప్పాలి, అది ఇంట్లో చేసే పని కాదు.

అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేది, ఫలితం ఎక్కువగా ఇచ్చేది సిలిండర్ గదుల ముందు నోళ్ల కొలత. ఆ నోరు సీసపు గుండుకంటే సన్నగా ఉంటే గుండు అక్కడ నలిగి, గొట్టంలోకి వచ్చేసరికి వదులవుతుంది. గుండు పక్కల నుంచి వేడి గ్యాసు దూరి సీసాన్ని కరిగించి గొట్టానికి పూస్తుంది, గురి పాడవుతుంది. ఆరు నోళ్లూ ఒకే కొలతకు తెచ్చి, అది గొట్టం లోపలి కొలతకు సరిపోయేలా చూస్తే, చెక్కపిడి మార్చినా, మెరుగు పెట్టినా రాని గురి వస్తుంది. కొలవడం తెలిసినవాడే ఈ పని చేయగలడు. పిడి మార్పించేవాళ్లు ఎక్కువ, నోళ్లు కొలిపించేవాళ్లు తక్కువ. ఎక్కడైనా కంటికి కనిపించేదానికే గిరాకీ.

ఈ తుపాకీ చరిత్రలో జరిగిన అతి ముఖ్యమైన మార్పు మాత్రం భద్రత కోసం చేసింది. పాత కోల్ట్‌లో హ్యామర్ కిందికి దించి ఉంటే దాని మొన నేరుగా తూటా వెనక ఆనుతుంది. తుపాకీ చేజారి బండమీద పడితే పేలుతుంది. రక్షణ కోసం పెట్టిన గాడి ఆ దెబ్బకు విరగొచ్చు. అందుకే ఆరు గదుల తుపాకీలో ఐదే నింపి, ఖాళీ గదిమీద హ్యామర్ దించి పెట్టుకోవడం పాతకాలం నుంచీ నియమం. 1973లో రూగర్ ట్రాన్స్‌ఫర్ బార్ తెచ్చింది. ట్రిగ్గర్ లాగి పట్టుకుంటేనే హ్యామర్‌కూ తూటాను పేల్చే పిన్నుకూ మధ్య ఒక ఉక్కుముక్క లేస్తుంది, లాగకపోతే దెబ్బ చేరదు. అంతకుముందు అమ్మిన తుపాకులకూ ఆ ఏర్పాటును ఉచితంగా అమర్చి, తీసిన పాత భాగాలను యజమానికి తిరిగి పంపుతోంది. అయినా పాత హ్యామర్ ఎక్కేటప్పుడు వినిపించే చప్పుళ్లు పోతాయని ఆ మార్పు వద్దనేవాళ్లున్నారు. చప్పుడు మీది మోజు ప్రాణం కంటే ఎక్కువ కాకూడదు, ఈ విషయంలో నాకు సందేహం లేదు. 1987లో ఏర్పడిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ పోటీల్లో ఐదు తూటాల నియమం తప్పనిసరి. రివాల్వర్ గుండు వేగానికి సెకనుకు వెయ్యి అడుగుల హద్దు ఉంది. తూటాలు నింపడానికి, తీయడానికి వేరువేరు బల్లలు, వాటి దగ్గర అధికారులు ఉంటారు. బయటి రూపం మార్చడానికి పరిమితులు పెట్టి, లోపలి పనికి చాలావరకు అనుమతినిస్తారు.

ఈ జాగ్రత్తలు ఊరికే పుట్టలేదు. ఎల్మర్ కీత్ అనే అమెరికన్ పశుపాలకుడు 1925లో జులై 4 వేడుకకు తన .45 కోల్ట్‌తో గాల్లోకి కాలుస్తుండగా సిలిండర్ పైభాగం ఎగిరిపోయింది. తుపాకీ తట్టుకోగలిగినదానికంటే బలమైన తూటాలు నింపడమే కారణం. ఆ తర్వాత ఆయన గోడలు మందంగా మిగిలే .44 స్పెషల్ వైపు మళ్లాడు. మంచి పనివాళ్లతో పిడి, గురిపలక, లోపలి యంత్రం మార్పించుకున్న తన తుపాకీ గురించి 1929లో రాసిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ దారి చూపుతుంది. అంత తెలిసినవాడికే లోహపు హద్దు అలా తెలిసొచ్చింది. లండన్‌లో 1637 నుంచి, బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి గొట్టాలను మామూలుకంటే ఎక్కువ ఒత్తిడితో పేల్చి చూసి, నిలిచినవాటికే ముద్ర వేసే పద్ధతి ఉండడానికి కారణం ఆ హద్దే.

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. కోల్ట్ పేటెంటు వచ్చిన మూడేళ్లకు, 1839లో, నంద్యాల ప్రాంతాన్ని ఏలుతున్న కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఈస్టిండియా కంపెనీ అధికారులకు దిమ్మతిరిగే దృశ్యం కనిపించింది. అంతఃపురం చుట్టుపక్కల ఫిరంగులు పోతపోసే ఏర్పాట్లు, దాచిన ఆయుధాలు, తుపాకీ మందు. ఆయన్ను పట్టుకుని తిరుచినాపల్లికి పంపారు, మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. రాజ్యం కంపెనీ చేతికి పోయింది. 1846లో కోయిలకుంట్ల ఖజానామీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసి, తలను ముప్పై ఏళ్లు కోటగుమ్మాన వేలాడదీశారు. 1878 ఆయుధ చట్టం భారతీయుడు లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకోరాదంది, యూరోపియన్లను మినహాయించింది. లోహం పోతపోసి గొట్టం కుదిర్చే పనితనం ఇక్కడ ఉండేదని కర్నూలు కోటే సాక్ష్యం. ఆ పనితనం బాహాటంగా బతికే వీలు లేకపోయింది. మిగిలింది చాటుమాటు నాటు తుపాకీ. దానికి ముద్ర లేదు, కొలత లేదు, గొట్టం ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చేసినవాడికే తెలియదు. పందులనుంచి పైరు కాపాడుకునే పేరుతో నల్లమల అంచున దాచుకున్న అలాంటి తుపాకీ పేలితే ముందు ప్రమాదం పట్టుకున్నవాడి కళ్లకూ వేళ్లకూ. పరాయి పాలనే సర్వానికీ మూలమని నేననను. 1947 తర్వాత కూడా ఆ విద్యను చట్టం నీడలోకి తెచ్చే ప్రయత్నం మనం పెద్దగా చేయలేదు.

మనకు వచ్చిన రివాల్వర్ డబుల్ యాక్షన్‌దే కావడానికీ చరిత్రే కారణం. బ్రిటిష్ అధికారులు దగ్గరి పోరులో వేగం కోరుకుని ఆడమ్స్, తర్వాత వెబ్లీ వైపు మొగ్గారు. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ చేసిన .32 రివాల్వర్ ఆ వెబ్లీ వారసత్వమే. 2014లో టైటానియంతో అరకిలో బరువున్న నిర్భీక్ వచ్చింది, 2023లో సిలిండర్ పక్కకు తెరుచుకునే ప్రబల్ వచ్చింది. కోల్ట్ తరహా తుపాకీ ఇక్కడి లైసెన్సుదారుడికి దాదాపు దొరకదు. కానీ .32 హ్యామర్‌ను బొటనవేలితో ఎక్కించి కూడా కాల్చవచ్చు. సింగిల్ యాక్షన్ నేర్పే ఓపిక నేర్చుకోవడానికి అమెరికా తుపాకీయే అక్కర్లేదన్నమాట. మార్పుల విషయంలో 1959 ఆయుధ చట్టం స్పష్టంగా ఉంది. మరమ్మతుకూ తయారీకీ లైసెన్సు కావాలి, గొట్టం కురచ చేయడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి. 2019 సవరణ వేడుకల్లో తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తేవడాన్ని నేరం చేసింది, శిక్ష రెండేళ్ల దాకా ఉంటుంది.

ఫ్యాక్షన్‌తో నలిగిన సీమలో తుపాకీ నేర్పు గురించి మాట్లాడడమే తప్పని కొందరంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, నాటుబాంబులకూ వేటకొడవళ్లకూ తండ్రుల్ని పోగొట్టుకున్న ఇళ్లు నంద్యాల జిల్లాలో ఇంకా ఉన్నాయి. అయినా ఆ హింసకు ఆధారం నేర్పు కాదు, చాటుతనం. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం తెచ్చింది. ఆ పోటీలో ట్రిగ్గర్ బరువు కిలోకు తగ్గకూడదు, తూకంరాయి వేలాడదీసి మరీ చూస్తారు. అక్కడ ఆయుధం నలుగురి కళ్లెదుట ఉంటుంది, కొలతకు లొంగుతుంది. ఇంకొందరు ప్రాణరక్షణకు ఈ నిదానపు తుపాకీ ఎందుకంటారు. వాళ్ల మాట నిజమే, ఆత్మరక్షణకు దీన్ని సాధారణంగా సిఫారసు చేయరు. కానీ రివాల్వర్ కొని బీరువాలో పెట్టి, ఎన్నికల కోడ్ రాగానే పోలీస్‌స్టేషన్లో జమచేసి, ఏడాదికి ఒక్క తూటా కూడా గురిమీద కాల్చని మనిషికి వేగం వల్ల ఒరిగేదేముంది? అలాంటి చేతిలో వేగమే ఇంట్లోవాళ్లకు ముప్పు. మార్పులకు చట్టం అడ్డమనేవాళ్లకు నా సమాధానం వేరు. లైసెన్సు లేని చేతికి ఆకురాయి ఇవ్వకూడదనడంలో చట్టం సరిగ్గానే ఉంది. లోటు లైసెన్సున్న చేతులు తక్కువ కావడంలో ఉంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. టెక్సాస్ లాంటి చోట ఇలాంటి రివాల్వర్ దుకాణం అద్దాల్లో దర్జాగా కనిపిస్తుంది. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్లు కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోరాదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఆ మినహాయింపుల్లో ఒకటి. షూటింగ్ రేంజిలో కాసేపు అద్దెకు తీసుకున్నా ఈ నియమం వర్తిస్తుంది. సరదాకు తీసుకున్న ఫోటో వీసాకే ఎసరు పెట్టగలదు.

మళ్లీ మన దేశానికి వస్తే, 2016 ఆయుధ నియమాలు లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణ అవసరమన్నాయి. ఆ శిక్షణ కాగితంమీద సంతకంగా ముగియకుండా చూడగలిగేది జిల్లా యంత్రాంగమే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా అయింది. పోలీసుల కాల్పుల మైదానాన్ని నెలకో రోజు లైసెన్సుదారులకు తెరవవచ్చు. లైసెన్సు పునరుద్ధరణకు వచ్చే ప్రతి రివాల్వర్‌నూ లైసెన్సున్న ఆర్మరర్ ముందు పెట్టి సిలిండర్ బిగువు, ట్రిగ్గర్ బరువు, ఎక్కిన హ్యామర్ నెడితే జారుతుందా లేదా అన్నవి తూచి, కొలిచి రాయించవచ్చు. బండి ఆత్మకూరులో పంటరక్షణకు తుపాకీ అడిగే రైతుకు ఆ గొట్టం మీద పరీక్షముద్ర ఎక్కడుంటుందో చూపించి, అది లేని తుపాకీని ఎందుకు ముట్టకూడదో ఆ మైదానంలోనే చెప్పవచ్చు. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, లైసెన్సు ఫైలుకు ఒక తనిఖీ పత్రం జతచేస్తే మొదలవుతుంది.