కేబుల్ తొడుగులో పెరిగే చెట్టు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలో వేల కరెంటు స్తంభాలు కూలి, ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తీగల్ని భూమిలో వేస్తే గాలి భయం ఉండదు. అయితే భూగర్భ కేబుల్‌కి ప్రాణం దాని పాలిమర్ తొడుగే.

ఆ తొడుగుకు శత్రువు లోపలే పుడుతుంది. ఎక్కడో చిన్న గాలి బుడగ ఉంటే చాలు, కరెంటు ఒత్తిడికి అక్కడ సన్నని పగులు మొదలై కొమ్మలు రెమ్మలుగా చీలుతుంది. నిజంగా చెట్టులాగే ఉంటుంది! అది అవతలి అంచుకు చేరిన రోజు కేబుల్ కాలిపోతుంది.

మరి ఆపేదెలా? తొడుగు పాలిమర్‌లో సిలికా, అల్యూమినా వంటి నానో రేణువులు కలిపి. నానోమీటరంటే మీటరులో వందకోట్లో వంతు. ఒక ఘన సెంటీమీటరు రాయిని 10 నానోమీటర్ల ఘనాలుగా కోయగలిగితే వాటి ఉపరితలమంతా కలిపి 600 చదరపు మీటర్లు, దాదాపు 15 సెంట్ల నేల! రేణువులూ పాలిమరూ కలిసే ఆ సరిహద్దుల్లో, పరుగెత్తే ఎలక్ట్రాన్లు చిక్కుకుపోతాయి. పగులు రేణువుల్ని తప్పించుకుంటూ వంకరదారిన పోవాలి, అందుకే నెమ్మదిస్తుంది. బరువులో నూటికి ఐదు వంతులలోపు కలిపినా ఫలితం కనిపిస్తుంది.

రేణువులు తేమను పీల్చుకుంటే మాత్రం మేలు కీడవుతుంది. మన తీరానికి ఇది పెద్ద విషయమే. అన్నిటికన్నా కష్టం, సమంగా కలపడం. ఉండ కట్టిన చోట తొడుగు మామూలు పాలిమర్ కన్నా బలహీనం. ఈసారి ఇంట్లో చోడి అంబలి కాస్తున్నప్పుడు ఒక ఉండను చిదిమి చూడండి: లోపల పొడి పిండే ఉంటుంది.