హైదరాబాదు పరిసరాల ప్రకృతి – మూసీ వెంట ఒక విజ్ఞాన యాత్ర

ప్రతి సంవత్సరం విజ్ఞాన యాత్ర ప్రస్తావన రాగానే విద్యార్థుల నోట ఊటీ, మైసూరు, గోవా వంటి దూర ప్రదేశాల పేర్లే వినిపిస్తాయి. దూర ప్రయాణాలు చేయదగినవే. వాటిని కాదనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని మనం నివసించే హైదరాబాదు చుట్టూ, ఒక్క రోజులో వెళ్లి రాగల దూరంలో, మూడు జాతీయ ఉద్యానవనాలు, అనేక జలాశయాలు, ఒక నది జన్మస్థానం ఉన్నాయన్న సంగతి మనలో ఎందరు గుర్తించారు? వీటిని కేవలం కాలక్షేప స్థలాలుగా భావించడం వాటి విలువను తగ్గించడమే. ఇక్కడి శిలలు, వనాలు, చెరువులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఆ ముడి తెలిసి చూస్తేనే చూసినట్లు.

ముందుగా శిలల విషయం. హైదరాబాదు దక్కను పీఠభూమిపై వెలసిన నగరం. ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే ఇక్కడి గుండ్రాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలలు. పగుళ్ల వెంట ఎండా వానా అరగదీయగా అవి ఈ రూపం దాల్చాయి. గ్రానైటు నీటిని పీల్చుకోదు. కురిసిన వాన పగుళ్లలో కొంత ఇంకి, మిగిలినది పల్లానికి పరుగెత్తుతుంది. ఏడాది పొడుగునా పారే నది ఇక్కడ లేదు. అందుకే మన పూర్వులు పల్లమున్న ప్రతిచోటా కట్ట వేసి నీటిని ఆపారు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీరు చేరేటట్లు అమర్చారు. వీటినే గొలుసుకట్టు చెరువులంటారు. పాతబస్తీలోని తాలాబ్ కట్ట పేరు చూడండి: తాలాబు ఉర్దూ మాట, కట్ట తెలుగు మాట. రెండు భాషలవారూ కలిసి కాపాడుకున్న నీటికి ఆ పేరే సాక్ష్యం.

నీటి కథను మొదటి నుండి తెలుసుకోగోరేవారు వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలకు వెళ్లాలి. హైదరాబాదుకు పశ్చిమాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, దట్టమైన అడవి మధ్య ఉన్న ఈ కొండలలోనే మూసీ నది పుడుతుంది. ఇక్కడి గాలి శ్రేష్ఠమైనదని భావించి పూర్వం క్షయరోగుల కోసం ఆరోగ్య కేంద్రం నెలకొల్పారు. నగరంలో ముక్కు మూసుకొని దాటే మూసీ, పుట్టినచోట ఎంత నిర్మలమో చూసినవారికి, దానిని మలినపరచినది ప్రకృతి కాదని వేరే చెప్పనక్కరలేదు. సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి ఈ నది వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది.

అనంతగిరి నుండి నగరం వైపు వస్తే గండిపేట, అనగా ఉస్మాన్‌సాగర్ కనిపిస్తుంది. దీని వెనుక ఒక విషాద గాథ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారని చెబుతారు. అటువంటి ఆపద మళ్లీ రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌ను, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్‌ను నిర్మించారు. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తయ్యాయి. వరదను ఆపడం, తాగునీరు ఇవ్వడం వీటి ఉమ్మడి ప్రయోజనం. సాయంకాలం కట్ట మీద నిలిచి సూర్యాస్తమయాన్ని చూసేవారు ఈ సంగతి కూడా స్మరించడం ఉచితం.

ఉస్మాన్‌సాగర్‌కు సమీపాన చిలుకూరు వద్ద మృగవని జాతీయ ఉద్యానవనం ఉంది. వనస్థలిపురం వద్ద మహావీర్ హరిణ వనస్థలి, జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఉన్నాయి. హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేటస్థలం. 1975లో, వర్ధమాన మహావీరుని 2,500వ నిర్వాణోత్సవాల జ్ఞాపకార్థం, దానికి ఆ పేరు పెట్టి జింకలకు ఆశ్రయంగా చేశారు. వేటాడిన చోటే అహింసామూర్తి పేర రక్షణ లభించడం విశేషం. కృష్ణజింక పరుగును నమ్ముకొని బతికే జంతువు. దానికి బయలు, గడ్డి కావాలి. చుక్కల దుప్పికి చెట్ల నీడ, పొదల మాటు కావాలి. కనుక అన్ని వనాలూ ఒకే తీరున ఉండనక్కరలేదు. పచ్చని చెట్లు లేనంత మాత్రాన రేగు పొదలు, తంగేడు, గడ్డి ఉన్న నేలను బంజరు అనడం పొరపాటు. వాన నీటిని మెల్లగా భూమిలోకి దింపి, కింది చెరువును పోషించేది ఆ నేలయే.

నగరం నడుమ హుస్సేన్‌సాగర్ ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 16వ శతాబ్దంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మితమైనది. నెహ్రూ జంతు ప్రదర్శనశాల పక్కనున్న మీర్ ఆలం చెరువు కట్టను తప్పక చూడాలి. 21 అర్ధవృత్తాకారపు కమానులతో కట్టిన ఆ ఆనకట్టలో ప్రతి కమానూ తన ఉబ్బెత్తు వైపును నీటికి ఎదురు నిలిపి, ఆ ఒత్తిడిని ఇరువైపుల స్తంభాలకు పంచుతుంది. రెండు శతాబ్దాలుగా అది నిలిచి ఉంది. పక్షులను చూడగోరేవారికి అమీన్‌పూర్ చెరువు ఉంది. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. 1931–32లో నిజాం రాజ్యమంతా తిరిగి ఇక్కడి పక్షులను శాస్త్రీయంగా పరిశీలించిన సలీం అలీ పేరు ఈ సందర్భంలో విద్యార్థులు తెలుసుకోవాలి.

ఇంత సంపద ఉన్నా దాని భద్రత నిశ్చయం కాదు. మాసాబ్ ట్యాంక్ అనే పేటలో నేడు చెరువు లేదు. పేరు మాత్రం మిగిలింది. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర పెద్ద నిర్మాణాలను, కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో ప్రభుత్వం 111 సంఖ్య గల ఉత్తర్వును జారీ చేసింది. 2022లో 69వ ఉత్తర్వుతో ఆ నిషేధాన్ని తొలగించింది. 2020 అక్టోబరులో కుండపోత వర్షాలకు పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి పాతబస్తీ పేటలు నీట మునిగాయి. నీరు తన దారిని మరచిపోదు. ఆ దారిలో ఇల్లు కట్టుకున్న పేదవాడే మొదట నష్టపోతాడు. 2025లో కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల నేలపై చెట్లు కొట్టివేయడం మొదలైనపుడు విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎదురు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని నిలుపు చేసింది. కంచ అనగా పశువులు మేసే బీడు. ఆ మాటకు అర్థం తెలిసినవారు దానిని పనికిరాని భూమి అనలేరు.

చూడబోయేవారికి రెండు మాటలు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వలస పక్షులు వచ్చేదీ అప్పుడే. తెల్లవారగానే చేరుకోవాలి. సందడి చేయరాదు, జంతువులకు తినుబండారాలు వేయరాదు, తీసుకువెళ్లిన కాగితం ముక్కనైనా అక్కడ వదలరాదు. ఒక చిన్న పుస్తకంలో చూసిన చెట్టు, పిట్ట, చెరువు పేరును తెలుగులోను, ఉర్దూలోను రాసుకుంటే అదే గొప్ప పాఠమవుతుంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. దూర యాత్రకు డబ్బు కట్టలేక ఇంటనే ఉండిపోయే విద్యార్థులు మన తరగతులలో తక్కువేమీ కాదు. అనంతగిరిలో మొదలై హరిణ వనస్థలిలో ముగిసే మూసీ యాత్రను రెండు మూడు ఆదివారాలుగా ఏర్పాటు చేస్తే ఖర్చు స్వల్పం. ఎవరూ వెనుక మిగలరు. తాను తాగే నీరు ఎక్కడ పుట్టి, ఏ దారిన వస్తుందో కళ్లారా చూసిన విద్యార్థి, రేపు ఇంజనీరైనా, అధికారైనా, సాధారణ గృహస్థుడైనా, చెరువులో మట్టి పోసే చేతిని ఆపడానికి ముందుకు వస్తాడు.