అగ్నిఅస్త్రం కాస్తే చేతులు ఎందుకు మండుతాయి? ఒంట్లో జరిగేది ఇదీ

అగ్నిఅస్త్రం వీడియో చూసినవాళ్ళు ఎక్కువగా అడిగింది ఒకటే: "పచ్చిమిర్చి నూరితే చేతులు ఎర్రబడి గంటల తరబడి మండుతున్నాయి. ఇది సహజమైందే కదండీ, మరెందుకు?" సహజమా, ఫ్యాక్టరీదా అని ఒళ్ళు చూడదండి.

మిర్చిలోని క్యాప్సైసిన్ చర్మంలో వేడిని పసిగట్టే నరాల చివర్లను రేపుతుంది. ఆ నరాలు 'సబ్‌స్టెన్స్ పి' అనే పదార్థాన్ని వదులుతాయి. రక్తనాళాలు వెడల్పై ఎరుపు వస్తుంది. మాస్ట్ కణాలు కూడా లేచి హిస్టమిన్ వదిలితే నాళాల గోడల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. అదే వాపు.

కొడవలి తెగినా దాదాపు ఇదే వరస. హిస్టమిన్ నిమిషాల్లో వస్తుంది. బ్రాడికైనిన్, ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి పుట్టిస్తాయి. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 తెల్లకణాలను పిలుస్తాయి, అవసరమైతే జ్వరమూ తెప్పిస్తాయి. చెరువు గట్టు తెగితే ఊరంతా పరిగెత్తినట్టన్నమాట. ఈ హడావుడి లేకపోతే గాయం మానదు.

కానీ ఇదే పని ఊపిరితిత్తుల్లో ఒక్కసారిగా జరిగితే? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది పోయారు. పశువులు పోయాయి, చెట్ల ఆకులు మాడాయి. స్టైరీన్ మెదడుకు మత్తెక్కిస్తుంది, అందుకే జనం రోడ్డు మీదే కూలిపోయారు. దాంతోపాటు కంటిలో, గొంతులో, గాలి గొట్టాల్లో తడి పొరను రేపుతుంది. చేతి మీద వాపు వస్తే ఓర్చుకుంటాం. గాలి గొట్టం లోపల వస్తే దారే ఇరుకైపోతుంది. ల్యూకోట్రైన్లు విడుదలైతే ఆ గొట్టాన్ని ఇంకా బిగిస్తాయి.

ఇది ఒక్క రాత్రి సంగతి. పోర్టు పక్కన వన్ టౌన్, జ్ఞానాపురం వాళ్ళు ఏళ్ళుగా మొత్తుకుంటున్న బొగ్గు ధూళి వేరే రకం. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ అనే కణం ధూళిని మింగుతుంది, అరిగించుకోలేదు. రోజూ కొత్త ధూళి వస్తూనే ఉంటే టీఎన్‌ఎఫ్ వదలడం ఆపదు. తర్వాత టీజీఎఫ్-బీటా అనే సంకేతం అందుకుని వేరే కణాలు కొల్లాజెన్ పేరుస్తాయి. మెత్తగా సాగాల్సిన చోట మచ్చ గట్టిపడుతుంది. ఆ మచ్చ మళ్ళీ మెత్తబడడం కష్టం.

ఇక పసుపు. మన వాళ్ళు ప్రతి దానికీ పసుపే అంటారు, నాకూ పాడేరు పసుపంటే ఇష్టమే. ప్రయోగశాలలో కర్‌క్యుమిన్ ఈ సంకేతాలను తగ్గించడం నిజం. అయితే తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది బహు తక్కువ. పైగా ధూళి పీలుస్తూ పసుపు పాలు తాగడం, గండి పూడ్చకుండా నీళ్ళు తోడడం లాంటిది.

అగ్నిఅస్త్రం సంగతికొస్తే, క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకని చేతులకు ముందు వంటనూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. కంట్లో పడితే మాత్రం మంచినీళ్ళే, ధారగా. గాలికి ఎదురుగా నిలబడి కాయొద్దు. ఆ పొగకు పిల్లికూతలు, ఆయాసం వస్తే కషాయాలతో పొద్దు పుచ్చకుండా ఆసుపత్రికి వెళ్ళండి.