విజిటింగ్ కార్డు వెనుకవైపు

గోదావరిఖనిలో వైద్యునికి దగ్గు కొత్త వ్యాధి కాదు. బొగ్గుబాయిలో ఇరవై, ముప్పై ఏళ్లు శ్రమించిన వారి ఊపిరితిత్తులలో ధూళి పేరుకొని ఉంటుంది. మన శాస్త్రం కాసమని పేర్కొన్న లక్షణాలతో రోజూ ఎవరో ఒకరు నా వద్దకు వస్తూనే ఉంటారు. కొన్నేళ్ల క్రితం అలా వచ్చిన ఒక విశ్రాంత గని కార్మికుడు నా బల్లపై రెండు కాగితాలు ఉంచాడు. ఒకటి నా విజిటింగ్ కార్డు. రెండవది, దగ్గును గురించి నేను ఒక చిన్న పత్రికకు వ్రాసిన వ్యాసపు పుట.

ఆ కార్డులను నేను అచ్చు వేయించుకొనలేదు. ఒక మందుల సంస్థ వారు ఐదువందల కార్డులు ఉచితంగా వేయించి ఇచ్చారు. ముందువైపు నా పేరు, చిరునామా. వెనుకవైపు వారి లేహ్యం పేరు. ఖర్చు తప్పినదని సంతోషించాను. పత్రికలో నా వ్యాసం ప్రక్కనే అదే లేహ్యం ప్రకటన వచ్చింది. దానికి చోటు చాలక నా వ్యాసంలోని చివరి వాక్యాన్ని తొలగించారు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫపరీక్ష తప్పనిసరి అన్నదే ఆ వాక్యం. అచ్చయిన పిదప చూచి కూడా నేను మిన్నకున్నాను.

ఆయన మూడు నెలలు ఆ లేహ్యమే సేవించాడు. బరువు తగ్గింది; సాయంవేళల జ్వరం మొదలైంది. వెంటనే ఆసుపత్రికి పంపగా క్షయ అని తేలింది. ఇంట్లో ఇద్దరు మనుమలు. “మీ పేరు సూసే కొన్న సారూ” అన్నాడాయన. ఆ మాటలో నింద లేదు. అందువల్లనే అది నన్ను నేటికీ బాధిస్తున్నది. పూర్తికాలం మందులు వాడి ఆయన కోలుకొన్నాడు. పిల్లలకు పరీక్షలు చేయించాము.

మా గురువుగారు చరకసంహిత సూత్రస్థానంలోని ఇరవైతొమ్మిదవ అధ్యాయాన్ని పదేపదే చదివించేవారు. ప్రాణాలను కాపాడు వైద్యులు, రోగాలను పెంచు కుహనా వైద్యులు అని అందులో రెండు తెగలు. ఎవరికో జబ్బు చేసిందని వినగానే చుట్టూ చేరి తమ గొప్పలు వినిపించుకొనుట రెండవ తెగవారి గుర్తు. ఆనాడు కార్డులు లేవు. గుర్తు మాత్రం మారలేదు.

చట్టమూ ఇదే చెబుతున్నది. మధుమేహం, క్యాన్సర్, క్షయ వంటి 54 వ్యాధులను నయం చేస్తామని మందులను ప్రకటించుట 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఒక వస్తువును మెచ్చుకొనువారు దాని సంస్థతో తమకు గల సంబంధాన్ని వెల్లడించాలని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు విధించింది. తప్పుదారి పట్టించు ప్రకటనలో కనిపించే ప్రముఖులకు కూడ సమాన బాధ్యత ఉన్నదని 2024 మే నెలలో పతంజలి ప్రకటనల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు పేర్కొన్నది.

చిన్న పత్రికలు ప్రకటనలు లేనిదే నడవవు. ప్రాయోజకులను తిరస్కరించమని నేను అనను, హద్దు గీయమంటాను. మిగిలిన కార్డులను ఆనాడే పొయ్యిలో వేశాను. ఇప్పుడు నా కార్డును నా ఖర్చుతోనే వేయించుకొంటాను. అందులో పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, చిరునామా, వేళలు మాత్రమే ఉంటాయి, వెనుకవైపు ఖాళీ. దగ్గును గురించి వ్రాసిన పుటలో దగ్గుమందు ప్రకటన ఉండరాదని, హెచ్చరిక వాక్యాన్ని తొలగించరాదని సంపాదకులకు ముందే చెబుతాను. ఏ సంస్థ నుండి ఏమి పుచ్చుకొన్నా వ్యాసం మొదటనే ఆ సంగతి వ్రాస్తాను.

గృహస్థులైన పాఠకులకు ఒక మనవి. వైద్యుని పేరు చూచి మందు కొనకండి. సీసాపై లైసెన్సు సంఖ్య, ద్రవ్యాల పట్టిక, గడువు తేదీ చూడండి. లేహ్యాలలో సాధారణంగా బెల్లమో చక్కెరో ఉంటుంది కనుక మధుమేహులు అడగనిదే వాడరాదు.

జలుబుతో వచ్చిన సామాన్యమైన దగ్గుకు శొంఠి, పిప్పళ్లు, మిరియాలు సమంగా దంచిన చూర్ణాన్ని రెండు చిటికెలు తేనెతో పెద్దలు సేవించవచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదు. ఇక ఆనాడు అచ్చుకాని నా వాక్యం ఇది: రెండు వారాలు దాటిన దగ్గుకు కఫపరీక్ష తప్పనిసరి, ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం.