సాఫ్ట్‌బాల్ ఇన్‌ఫీల్డ్ గ్లవ్

సాఫ్ట్‌బాల్ ఇన్‌ఫీల్డ్ గ్లవ్ అనేది నేల మీదుగా వచ్చే బంతిని ఆపి పట్టుకొనుటకు, విసరని చేతికి ధరించే తోలు తొడుగు. రెండవ బేస్‌కు ఇరువైపులా నిలిచే సెకండ్ బేస్‌మన్, షార్ట్‌స్టాప్‌లను మిడిల్ ఇన్‌ఫీల్డర్లు అంటారు. వీరికి గ్లవ్ ఎంపిక చాలా ముఖ్యము.

పరిమాణం

ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ బంతి చుట్టుకొలత 12 అంగుళాలు. బేస్‌బాల్ బంతిది సుమారు 9 అంగుళాలు. కావున బేస్‌బాల్ ఇన్‌ఫీల్డ్ గ్లవ్‌లో ఈ బంతి సరిగా ఇమడదు. అయితే బేస్‌ల మధ్య దూరం బేస్‌బాల్‌లో 90 అడుగులు కాగా ఇక్కడ 60 అడుగులే. పరుగెత్తేవారు త్వరగా బేస్ చేరుకుంటారు కనుక పట్టిన బంతిని వెంటనే విసరాలి. గ్లవ్ గుంట లోతుగా ఉంటే బంతిని తీయడం ఆలస్యమై, ఒకేసారి ఇద్దరిని అవుట్ చేసే డబుల్ ప్లే అవకాశం చేజారవచ్చు. అందువలన పెద్దవారు సాధారణంగా 11.75 నుండి 12.5 అంగుళాల, లోతు తక్కువ గల గ్లవ్‌ను ఎంచుకుంటారు.

ఇతర లక్షణాలు

* బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఖాళీలున్న అల్లిక ఉంటే మట్టి జారిపోతుంది.
* చేయి విదిలించినా గ్లవ్ వదులు కాకూడదు. మణికట్టు పట్టీ సరిచేసుకొనేలా ఉండాలి.
* మంచి తోలు మొదట బిరుసుగా ఉంటుంది. రోజూ బంతులు పడుతూ ఉంటే మెత్తబడి చేతికి అమరుతుంది. నూనె అధికంగా పూస్తే గ్లవ్ బరువెక్కుతుంది.